గొడ్ల చావిడి ఖాళీ కాకముందే



కనుమ వెళ్లిన ఒకటి రెండు రోజులకే, అంటే జనవరి 17వ తేదీన, పునీత మఠవాసి అంతోని వారి పండుగ వస్తుంది. పదువాపురి అంతోని వారు కాదు, అంతకు చాలా శతాబ్దాల ముందు ఐగుప్తు ఎడారిలో తపస్సు చేసిన అంతోని వారు. ఇటలీ, స్పెయిన్ దేశాల పల్లెల్లో ఆనాడు రైతులు ఆవులను, గాడిదలను, చివరకు కోళ్లను కూడా గుడి ముందుకు తెచ్చి ఆశీర్వచనం పొందుతారు. మన గుంటూరు, ప్రకాశం మెట్ట గ్రామాలలో ఇప్పుడు అటువంటి ఆశీర్వచనానికి పిలిస్తే ఎక్కువగా వచ్చేవి ట్రాక్టర్లే. ట్రాక్టరును ఆశీర్వదించడంలో తప్పేమీ లేదు. దాని మీద కూడా ఒక కుటుంబం అప్పు కడుతూనే ఉన్నది. అయితే మన గొడ్ల చావిళ్లు ఎందుకు ఖాళీ అవుతున్నాయి, అవి ఖాళీ అయితే పత్తి మీద, మిరప మీద బ్రతికే ఇంటికి ఏమవుతుంది అన్న విషయం ఈ వారం కొంచెం ఆలోచిద్దాం.

ట్రాక్టరు వచ్చింది కాబట్టి పశువు పోయింది అని అందరూ అంటారు. అది సగమే నిజం. ట్రాక్టరు తీసివేసింది ఎద్దును. ఆవునూ గేదెనూ తీసివేసింది మేత లేకపోవడం. జొన్న వేసిన రైతుకు గింజ తనకు, చొప్ప పశువుకు. సజ్జ, వరిగ, కంది, ఉలవ, ఏది వేసినా అందులో మనిషి వాటా ఒకటి, పశువు వాటా ఒకటి ఉండేది. పెరట్లో చొప్పవామి ఎంత ఎత్తు ఉంటే ఆ ఇంటికి అంత పేరు. ఆ భూముల్లోకే పత్తి, మిరప వచ్చాయి. డబ్బు తెచ్చాయి, కాదనను. పిల్లల చదువులు, మిద్దె ఇళ్లు వాటితోనే వచ్చాయి. కాని పత్తి తీసిన తర్వాత చేలో మిగిలేది కంప. మిరప కోసిన తర్వాత మిగిలేదీ కంపే. పొయ్యిలోకి పనికి వస్తుంది, గేదె ముందు వేయడానికి గుప్పెడు కూడా పనికి రాదు. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలిన తరువాత కాలువ కింద ఊళ్లకు వరిగడ్డి దొరికింది. ఇప్పుడు కోత యంత్రాల వెనుక ఆ గడ్డి కూడా నలిగి పొలంలోనే పడిపోతున్నది, కొన్నిచోట్ల తగలబెడుతున్నారు. మెట్ట రైతు మాత్రం ఆ గడ్డినే ట్రాక్టరు లెక్కన కొని తెచ్చుకుంటున్నాడు.

పత్తి పశువుకు ఏమీ ఇవ్వదనడం కూడా పూర్తి న్యాయం కాదు. గింజ ఇస్తుంది. పత్తి గింజలను నానబెట్టి, రుబ్బి, కాస్త ఉలవలు ఉడికించి కలిపి ఎడ్లకూ పాడి గేదెలకూ పెట్టిన పెద్దలు మన విచారణల్లో ఇంకా ఉన్నారు, అడిగి చూడండి. క్వింటాలు పత్తిలో దూది సుమారు మూడో వంతే, మిగతాది దాదాపు అంతా గింజే. ఆ గింజ మన పత్తితోపాటే మిల్లుకు పోయి, నూనె తీయించుకొని, చెక్కగా మారి, బస్తాకు ఇంత అని ధర కట్టించుకొని మళ్లీ మన గేదె దగ్గరకు వస్తున్నది. ఇంటి వస్తువునే అంగట్లో కొనుక్కోవడం అంటే ఇదే. ఇక్కడే ఒక జాగ్రత్త. ఆ చెక్కలో ఒక విషపదార్థం కొద్దిగా ఉంటుంది. బాగా నెమరు వేసే పెద్ద పశువు మితంగా తింటే దానిని తట్టుకుంటుంది. పాలు తాగే దూడకు, కోళ్లకు మాత్రం పెట్టకూడదు.

మన ప్రాంతపు పశువు మాట వచ్చినప్పుడు ఒంగోలు జాతి సంగతి చెప్పక తప్పదు. నల్లరేగడిలో లోతు దుక్కి దున్నడానికి, బండి లాగడానికి, ఇంటికి పాలు ఇవ్వడానికి మన రైతులు తరతరాలుగా ఏరి ఏరి పెంచిన జాతి అది. ఒకప్పుడు ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి విదేశాలలో దానికి నెల్లూరు పశువు అని పేరు పడింది. పందొమ్మిదవ శతాబ్దంలోనే అవి బ్రెజిల్ చేరాయి. 1960ల తొలి సంవత్సరాలలో మరికొన్ని మేలైన ఆబోతులు వెళ్లాయి. వాటిలో ఒకటి ఒంగోలు దగ్గర ఉన్న కరవది గ్రామం పేరుతోనే అక్కడ ప్రసిద్ధికెక్కింది. ఇవాళ బ్రెజిల్ పశుసంపదలో అధికభాగం 'నెలోర్' అని వారు పిలుచుకునే ఈ జాతి రక్తమే. ఆ జాతి ఆవు ఒకదానికి 2023లో నలభై లక్షల అమెరికా డాలర్ల పైచిలుకు విలువ కట్టారని పత్రికల్లో చదివాం. అక్కడ దానిని మాంసం కోసం పెంచుతారు, ఇక్కడ పని కోసం పెంచాం. పని పోయింది కాబట్టి ఇక్కడ పశువూ పోతున్నది. గుంటూరు పక్కన లాం ఫారంలోని పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతిని కాపాడుతున్నారు. ఊళ్లల్లో మాత్రం మంచి గిత్తల జత కనపడేది ఎక్కువగా బండలాగుడు పందెంలోనే. మన గుడి తిరునాళ్లలో కూడా ఆ పందేలు జరుగుతాయి, బహుమతి ఇవ్వడానికి మమ్మల్ని పిలుస్తారు. ఏడాదంతా బిడ్డలా మేపిన జతను చూస్తే ఎవరికైనా ముచ్చట వేస్తుంది. ముల్లుగర్ర దిగబడి రక్తం చిమ్మిన వీపును చూసి చప్పట్లు కొట్టడం మాత్రం నాకు చేతకాదు. ఆ మాట ఆ వేదిక మీదే చెప్పవచ్చు, చెప్పాలి కూడా.

పనిచేసే ఎద్దు గురించి పాత నిబంధనలో రెండు ఆజ్ఞలున్నాయి. విశ్రాంతి దినాన ఎద్దుకు, గాడిదకు కూడా విశ్రాంతి ఇవ్వాలన్నది ఒకటి. ఇది నిర్గమకాండంలో ఉన్నది. మన రైతులు బైబులు చేతికి రాకముందే అమావాస్య నాడు అరక కట్టేవారు కాదు. రెండవది ద్వితీయోపదేశకాండంలో, కళ్లంలో పంట తొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయరాదన్న ఆజ్ఞ. పునీత పౌలు ఈ మాటను తీసుకొని బోధకునికి జీతం ఇవ్వవలసిన బాధ్యతకు వర్తింపజేశారు. మా గురువులకు పౌలు గారి వ్యాఖ్యానం బాగా గుర్తుంటుంది, ఎద్దు మాత్రం మరుపున పడుతుంది. పాటుపడే నోటికి ఆ పంటలో వాటా ఉన్నదని దాని అర్థం.

మరి మన పత్తి, మిరప సాళ్లలో గుంటక తోలేటప్పుడు ఎద్దుకు చిక్కం కట్టక తప్పదే? మొక్క కొరుకుతుందని ఒకప్పుడు కట్టేవారు. ఇప్పుడు చిక్కం కట్టకపోతే ఎద్దే పోతుంది. ఆకు మీద మందు ఉన్నది. వాటా కాజేయడానికి వద్దన్న చిక్కాన్ని మనం ప్రాణం కాపాడడానికి కట్టవలసిన రోజు వచ్చింది. మందు కొట్టిన చేలోకి, దాని గట్టు మీదికి పశువునూ మేకనూ తోలకండి. డబ్బా మీద ఎన్ని రోజులు ఆగాలని ఉంటే అన్ని రోజులు ఆగండి. మందు కలిపిన బకెట్టు కడిగినా సరే, దానితో కుడితి పెట్టకండి. చిన్న మాటలే, కాని ఖాళీ డబ్బాను కోసి కోళ్లకు నీళ్లు పెట్టే మూకుడుగా వాడిన ఇళ్లు కూడా నేను చూశాను.

ఇక గేదె సంగతి. ఎద్దు పోయి, ఆవు పోయి, ఈ ప్రాంతంలో మిగిలింది గేదె. మిగలడానికి కారణం పాల బిల్లు. పత్తి డబ్బు ఏడాదికొకసారి వస్తుంది, అది కూడా అప్పులవాడి గుమ్మం దాటుకొని రావాలి. పాల డబ్బు పది పదిహేను రోజులకొకసారి వస్తుంది, వెన్న శాతాన్నిబట్టి వస్తుంది, చాలా ఇళ్లల్లో ఇల్లాలి చేతికి వస్తుంది. 1987-88లో తెల్లదోమ మన పత్తిని తినివేసినప్పుడు ఈ రెండు జిల్లాల్లో ఎందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారో పెద్దలకు గుర్తుంటుంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను పీల్చివేసింది. ఎకరానికి లక్షలు పెట్టినవారు తోటలు పీకివేశారు. అటువంటి ఏడాది ఏ ఇంట్లో గేదె ఉన్నదో ఆ ఇంట్లో పిల్లల నోటికి పాలు, కిరాణా కొట్టుకు బాకీ తీర్చే డబ్బు ఉన్నాయి. అప్పు అంతా గేదె తీర్చదు. ఆ పై బిల్లు వచ్చేవరకు నిలబడే వ్యవధి ఇస్తుంది. కష్టంలో ఉన్న మనిషికి ఆ పదిహేను రోజుల వ్యవధే పెద్దది. ఎంతోమంది మరణగృహాలకు వెళ్లిన గురువుగా ఈ మాట అంటున్నాను.

అయితే పురుగుమందుల కొట్టు బాకీ మీద పడగానే మనం మొదట అమ్మేది ఏమిటి? గేదెనే. ట్రాక్టరు అమ్మితే పరువు పోతుంది, గేదెను అమ్మితే ఎవరికీ తెలియదు. అమ్మిన లక్ష రూపాయలు కొట్టుకు పోతాయి, పాల బిల్లు ఆగిపోతుంది, మరుసటి పంటకు మళ్లీ అదే కొట్టు. అమ్మవలసినవాటి పట్టిక వేసుకుంటే పాలిచ్చే గేదెను అన్నిటికన్నా అడుగున రాయండని నా సలహా. ఈ నిర్ణయం భర్త ఒక్కడూ చేయకూడదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పేడ తీసేది, కుడితి పెట్టేది, పాలు పితికేది, గడ్డి మోసేది ఆమె. పని ఆమెదీ బేరం అతనిదీ అయితే అది కుటుంబం కాదు. ఇంకొక మాట, గేదె ఉంటే ఆ ఇంటి ఆడపిల్ల బడి మానకూడదు. అన్నదమ్ములకూ చేతులున్నాయి.

గేదె పెట్టే లాభమంతా ఈతకూ ఈతకూ మధ్య ఎడంలో ఉన్నది. చూడి కాలం సుమారు పది నెలలు. ఈనిన మూడు నాలుగు నెలల్లో తిరిగి కట్టకపోతే వట్టిపోయిన గేదెను నెలల తరబడి ఊరకే మేపాలి. గేదెది మూగ ఎద. ఆవులా అరిచి చెప్పదు. ఎండాకాలంలో మరీ తెలియదు, ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున వస్తుంది. కాబట్టి పడుకొనే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి వెనుక తీగ కనపడుతున్నదేమో చూసే అలవాటు ఉండాలి. ఎండలో కట్టివేసిన గేదె ఎదకు రాదు. నీడ, మడుగు, లేదా రోజుకు రెండుసార్లు ఒంటి మీద నీళ్లు అవసరం.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. పదిహేడవ శతాబ్దంలో డెకార్ట్ అనే ఫ్రెంచి తత్వవేత్త జంతువులు ఒకరకం యంత్రాలని బోధించాడు. పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు ఆ వాదం గురించి మేము గంటలకొద్దీ తర్కించుకున్నాం. పొదుగు కడిగి, దూడను విడిచి, గేదె చేపడం కోసం వెనుక కూర్చొనే ఇల్లాలికి ఆ సంగతి చెబితే నవ్విపోతుంది. దూడ వాసన తగలనిదే తల్లి పాలు చేపదు, అది యంత్రం చేసే పని కాదు. మరి ఆ ఇళ్లల్లోనే పోతుదూడ పుడితే ఏమి చేస్తున్నాం? పెయ్యకు చన్ను వదులుతాం, పోతుకు వదలం. దున్నతో పని లేదు కాబట్టి రెండు మూడు నెలలు గుంజకు కట్టి, కడుపు నింపక, దానంతట అదే పోయేదాకా చూస్తాం. చంపలేదని మనస్సుకు చెప్పుకొంటాం. ఆ తర్వాత తల్లి చేపకపోతే సూది మందు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. పశువును ఆహారానికి, పనికి వాడుకోవడం న్యాయమేనని, అవసరం లేకుండా దానిని బాధపెట్టడం, చంపడం మానవ గౌరవానికే విరుద్ధమని బోధిస్తున్నది. దేశ చట్టం కూడా ఉన్నది. పాల కోసం పశువు ఆరోగ్యాన్ని చెరిపే ఇంజక్షను ఇవ్వడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

నీతి పక్కన పెట్టి లెక్క చూసినా ఇది నష్టమే. దూడ తన బరువులో పదవ వంతు పాలు తాగుతుంది. ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు. రెండో వారం నుంచి లేత గడ్డి, కొంచెం దాణా ముందు పెడితే ఆ పాలు క్రమంగా తగ్గించవచ్చు. దూడ బ్రతికి ఉంటే తల్లి సూది లేకుండా చేపుతుంది. మూడు నాలుగు నెలలు పెంచి అమ్మిన పోతుదూడకు ఎంత తక్కువ వచ్చినా, గుంటలో పూడ్చినదానికి వచ్చేదానికన్నా ఎక్కువే. దూడల చావుకు ఆకలి ఒక్కటే కారణం కాదు. గేదె దూడకు తల్లి పాల ద్వారానే ఏలికపాములు చేరుతాయి, కాబట్టి పది పదిహేను రోజుల వయసులోనే నట్టల మందు పట్టాలి. నెల తిరిగాక చూద్దాంలే అంటే అప్పటికే దూడ పారుకొని పడిపోతుంది. మరొకటి జున్ను పాలు. ఈనగానే తట్ట పట్టుకొని చుట్టాలకు, ఇరుగుపొరుగుకు జున్ను పంచడం మనకు సంతోషం. దూడకు మాత్రం రోగాన్ని తట్టుకొనే శక్తి తల్లి కడుపులో రాదు, ఆ జున్ను పాల ద్వారానే వస్తుంది. అది కూడా మొదటి గంటల్లోనే ఒంటికి పడుతుంది, ఒక రోజు గడిస్తే పట్టదు. కాబట్టి మొదటి గంటలోపు దూడ కడుపు నిండాలి. ఆ తరువాత మిగిలితే జున్ను.

టీకాల సంగతి మీకు తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పి ముగిస్తాను. గాలికుంటుకు ఆరు నెలలకొకసారి, గొంతువాపు, జబ్బవాపులకు తొలకరికి ముందు, గొర్రెలు మేకలకు పారుడు రోగం టీకా, కోళ్లకు కొక్కెర తెగులు టీకా. టీకా వేస్తే పాలు తగ్గుతాయని గేదెను దాచిపెట్టేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మన తాతల కాలంలో మందలకు మందలను తుడిచిపెట్టిన ముసర వ్యాధి భూమి మీదే లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. టీకా వల్లనే అది సాధ్యమైంది. ఒంట్లో బాగాలేని పశువు కోసం 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

జొన్న విషయంలో ఒక హెచ్చరిక. కోసిన జొన్న మోడుకు వచ్చే పిలకలు, వానలు లేక వాడి గిడసబారిన లేత జొన్న పశువుకు ప్రాణాంతకమైన విషం. మేసిన కొద్ది నిమిషాల్లోనే పడిపోతుంది. పూత వచ్చాక, నీరు పెట్టాక మేపితే భయం లేదు. చుట్టూ ఉన్న సుబాబుల్ తోటల ఆకు మంచి మేతే, కాని మొత్తం పచ్చిమేతలో మూడో వంతుకు మించనీయకండి.

మేత గురించి చెప్పేటప్పుడు ఒకరిని మరిచిపోతాం. సెంటు భూమి లేని కూలి తల్లి కూడా ఒక గేదెనో రెండు మేకలనో పెంచుకొంటుంది. మిరప తోటలో కలుపు తీయడానికి వచ్చి, సాయంత్రం నెత్తిన గడ్డిమోపు పెట్టుకొని వెళ్లడం ఆమెకు కూలితో సమానమైన హక్కుగా మన ఊళ్లల్లో నడిచింది. ఎవరూ రాయని హక్కు అది. ఇప్పుడు సాళ్లల్లోనూ, గట్ల మీదా గడ్డి మందు కొడుతున్నాం. కూలి ఖర్చు తగ్గిందని మన లెక్క. ఆమె కలుపు కూలీ పోయింది, గేదె మేతా పోయింది. పొలం అంచుల దాకా కోయవద్దు, రాలిన వెన్నులు బీదలకు వదలండని లేవీయకాండం రైతును ఆదేశిస్తుంది. రూతు ఆ ఆజ్ఞ మీదనే బ్రతికింది. మన పత్తి చేలో ఏరుకోవడానికి వెన్నులు లేవు. గట్టు మీద గడ్డి ఉన్నది. చేలో మందు కొట్టక తప్పదనుకొనేవారు గట్టు వరకైనా వదలవచ్చు కదా? కౌలుకు ఇచ్చే ఆసామి ఆ షరతు నోటిమాటగా పెట్టినా చాలు.

సొంత భూమి ఉన్నవారు ఒక పది సెంట్లు పత్తి, మిరపల నుంచి తప్పించి పశువుకు రాసి ఇవ్వండి. పాలిచ్చే గేదెకు రోజుకు ఇరవై, ఇరవై అయిదు కిలోల పచ్చిమేత, అయిదారు కిలోల ఎండుమేత కావాలి. నీటి వసతి ఉంటే నేపియర్ గడ్డి ఎకరానికి ఏడాదికి వంద టన్నులు దాటి వస్తుంది కాబట్టి, పది సెంట్లు ఒక గేదెకు సరిపోతాయి. గేదె పేడ మళ్లీ ఆ పది సెంట్లకే చాలు, మిగిలిన పెంట మిరపకు. గట్టు వెంట అవిసె గింజలు చల్లుకొంటే చెట్టు పెరిగాక కొమ్మలు విరిచి వేయవచ్చు. నేపియర్ తొలకరి వానలకు నాటాలి. విత్తనం కొననక్కరలేదు. ఊళ్లో ఎవరి దొడ్లో ఉన్నదో పాల కేంద్రం దగ్గర అడిగితే చెబుతారు. ముదిరిన కాడను రెండు కణుపుల ముక్కలుగా కోసి, ఒక కణుపు మట్టిలోకి, ఒకటి పైకి ఉండేలా మూడడుగుల ఎడంలో గుచ్చాలి. మొదటి కోత రెండున్నర నెలలకు వస్తుంది.